స్కోపు గీతలు దూరాన్ని రెట్టింపు చూపించాయి

షూటింగ్ రేంజిలో 250 మీటర్ల దగ్గరున్న బోర్డు, తుపాకీ స్కోపుతో నేను వేసిన దూరం లెక్కలో 500 మీటర్లకు వెళ్లిపోయింది. సూత్రం సరైనదే: దూరం కావాలంటే వస్తువు ఎత్తును మీటర్లలో తీసుకుని వెయ్యితో గుణించి, రెటికిల్ (స్కోపులో కనిపించే కొలత గీతలు) మీద కనిపించిన మిల్‌రేడియన్లతో (కోణాన్ని కొలిచే ప్రమాణం) భాగించాలి. బోర్డు ఎత్తు అర మీటరు, స్కోపులో కనిపించింది 1 మిల్‌రేడియన్. రెండు రోజులు గీతలనే అనుమానించాను.

తప్పు జూమ్‌లో ఉంది. నా స్కోపులో రెటికిల్ రెండో ఫోకల్ ప్లేన్‌లో, అంటే జూమ్ కటకాల తర్వాత కంటి వైపు ఉంటుంది. జూమ్ మార్చితే బొమ్మ పెరుగుతుంది, తగ్గుతుంది. గీతల సైజు మాత్రం మారదు. వాటి కొలత నిజమయ్యేది తయారీదారు చెప్పిన ఒక్క జూమ్ దగ్గరే. నా స్కోపుకు అది 12 రెట్లు, నేను చూసింది 6 దగ్గర. జూమ్ రింగును 12కి తిప్పగానే అదే బోర్డు 2 మిల్‌రేడియన్లు చూపింది. 250 మీటర్లు! ఎంత ఊరట కలిగిందో. ఇప్పుడు రింగు మీద ఆ అంకె దగ్గర తెల్ల రంగు చుక్క పెట్టుకున్నాను.