ఊళ్లో పొలం, పట్నంలో కాపురం: ఆగిపోయిన రైతు భరోసా, పీఎం కిసాన్ డబ్బు ఎక్కడ చిక్కుకుంది?

అమ్మ ఖాతాలో డబ్బు పడలేదనగానే హైదరాబాద్ నుంచి బస్సెక్కి మండల ఆఫీసుకు పరుగెత్తకండి. ముందు ఆగింది ఏ డబ్బో తేల్చుకోండి. రెండూ ఒకే బ్యాంకు పాస్‌బుక్‌లో కనిపించినా వచ్చే దారులు వేరు. తెలంగాణ ప్రభుత్వమిచ్చే రైతు భరోసా, మీ పట్టా భూమిని బట్టి, ఏఈఓ (వ్యవసాయ విస్తరణ అధికారి) దగ్గర నమోదైన ఖాతా నంబరుకు వస్తుంది. కేంద్రమిచ్చే పీఎం కిసాన్ ఆధార్‌ను పట్టుకుని వస్తుంది.

పీఎం కిసాన్ అంటే ఏడాదికి 6,000, మూడు విడతల్లో 2,000 చొప్పున. దాని వెబ్‌సైట్‌లో రిజిస్ట్రేషన్ నంబరు, ఓటీపీ ఇచ్చి స్టేటస్ తెరవండి. ల్యాండ్ సీడింగ్ (భూమి వివరాల జోడింపు), ఈ-కేవైసీ (ఆధార్‌తో గుర్తింపు ధ్రువీకరణ), ఆధార్ బ్యాంక్ సీడింగ్ (బ్యాంకు ఖాతాకు ఆధార్ జోడింపు) అని మూడు వరుసలుంటాయి. ఏది ‘నో’ అని ఉంటే చిక్కు అక్కడే. ఈ-కేవైసీ అయితే అమ్మ ఫోన్లోనే ఓటీపీ చదివించుకుని ఇక్కడి నుంచి పూర్తిచేయొచ్చు. ఆమె నంబరు ఆధార్‌కు లింకై లేకపోతే ఊళ్లో సీఎస్‌సీకి (కామన్ సర్వీస్ సెంటర్) వెళ్లి వేలిముద్ర వేయాలి. పొలం పని చేసి అరిగిన వేళ్లకు ఒక్కోసారి ముద్ర పడదు. అప్పుడు పీఎం కిసాన్ యాప్‌లో ముఖం చూపించి చేయించండి. ల్యాండ్ సీడింగ్ ‘నో’ అయితే మాత్రం పట్టాదారు పాస్‌బుక్, ఆధార్ జిరాక్సులతో ఏఈఓని కలవాల్సిందే.

ఎక్కువమంది దెబ్బతినేది బ్యాంక్ సీడింగ్ దగ్గర. ఖాతాకు ఆధార్ ఇచ్చాం కదా అనుకుంటారు. అది కేవైసీ మాత్రమే. డబ్బు వెళ్లేది ఎన్‌పీసీఐ (దేశంలో బ్యాంకు చెల్లింపులు నడిపే సంస్థ) జాబితాలో మీ ఆధార్ పక్కన చివరగా నమోదైన బ్యాంకుకు. సిమ్ కొన్నప్పుడు వేలిముద్రతో తెరిచిన పేమెంట్స్ బ్యాంకు ఖాతాలో విడతలు పడి ఉండొచ్చు, ఇంట్లో ఎవరికీ తెలియకపోవచ్చు. మైఆధార్ సైట్‌లో ‘బ్యాంక్ సీడింగ్ స్టేటస్’ నొక్కితే బ్యాంకు పేరు, యాక్టివ్‌గా ఉందో లేదో కనిపిస్తుంది. మార్చాలంటే కావలసిన బ్యాంకులో డీబీటీ (ప్రభుత్వ డబ్బు నేరుగా ఖాతాలో పడే పద్ధతి) సీడింగ్ ఫారం అడిగి, పాత బ్యాంకు పేరు కూడా రాసి ఇవ్వండి.

కొడుకు పట్నంలో ఆదాయపు పన్ను కడుతున్నాడని తల్లిదండ్రులకు ఆపరు. పీఎం కిసాన్‌లో కుటుంబమంటే భర్త, భార్య, మైనర్ పిల్లలే.

రైతు భరోసా లెక్క సులువు: ఎకరానికి సీజన్‌కు 6,000, అంటే గుంటకు 150. రెండెకరాల ఇరవై గుంటలకు 15,000 రావాలి. తక్కువ పడితే సర్వే నంబర్ల వారీగా పట్టాదారు పాస్‌బుక్‌తో సరిపోల్చండి. ఇళ్ల ప్లాట్ల వెంచర్‌గా మారిన, సాగుకు పనికిరాదని రాసిన భూమికి ఇవ్వరు. సాగు భూమిని పొరపాటున అలా రాస్తే ఏఈఓకి దరఖాస్తు రాసిచ్చి, నకలు మీద సంతకం తీసుకోండి. అసలే పడకపోతే బ్యాంకు శాఖ కోడ్ ఐఎఫ్‌ఎస్‌సీ చూడండి. తెలంగాణలోని ఏపీజీవీబీ (ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకు) శాఖలు 2025 జనవరి 1 నుంచి తెలంగాణ గ్రామీణ బ్యాంకులో కలిశాయి. ఇలా బ్యాంకు చేతులు మారినప్పుడు పాత వివరాలతో పంపిన డబ్బు తిరిగి వెళ్లిపోవచ్చు. కొత్త బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ జిరాక్స్ ఏఈఓకి ఇచ్చి, నమోదు చేశాక స్క్రీన్ మీద నంబరు మీరే చదువుకోండి.

పట్టాదారు చనిపోతే వారి ఏటీఎం కార్డుతో డబ్బు తీయొద్దు, వెనక్కి కట్టమంటారు. వెంటనే భూభారతి (తెలంగాణ భూ రికార్డుల పోర్టల్)లో విరాసత్‌కు, అంటే వారసుల పేరుకు భూమి మార్పిడికి, దరఖాస్తు పెట్టండి. కొత్త పట్టాదారు పాస్‌బుక్ వచ్చాక వారసుల ఖాతా వివరాలు ఏఈఓకి విడిగా ఇవ్వాలి.