ముందు విగ్గు, తరువాత వేషం: పాలమూరు, నల్లగొండ వైపు నుంచి డ్రాగ్ వృత్తిలోకి రాదలచిన వారికి

మగవాడు ఆడవేషం కట్టి ఆటకు దిగడం పాలమూరు, నల్లగొండ పల్లెలకు కొత్త కాదు. బాగోతాలలో రాణి పాత్రలను మగవారు ధరించడం పెద్దలంతా చూసినదే. ఒగ్గు కథ చెప్పే కళాకారుడు కథలో అవసరమైన చోట కొంగు కప్పుకొని అప్పటికప్పుడు ఎల్లమ్మగా మారిపోతాడు. కొత్తగా వచ్చినవి ఇలాంటి వేషంతో చేసే వేదిక ప్రదర్శనకు డ్రాగ్ అనే పేరు, ఆ పేరు మీద హైదరాబాదు, బెంగళూరు వంటి నగరాల్లోని హోటళ్లలో, క్లబ్బుల్లో, కళావేదికల మీద దొరుకుతున్న అవకాశాలు. ఆ అవకాశాల వైపు చూసే యువకులు సాధారణంగా చీరతోనో మేకప్‌తోనో సాధన మొదలుపెడతారు. నా సలహా అందుకు భిన్నమైనది: ముందు జుట్టు పని నేర్చుకోవాలి. నల్లగొండలోనో వనపర్తిలోనో కూర్చున్న వ్యక్తికి డ్రాగ్ చూసే ప్రేక్షకులు నూరు కిలోమీటర్ల దూరంలోనో అంతకన్నా దూరంలోనో ఉంటారు, విగ్గు కావలసినవారు మాత్రం పక్క వీధిలోనే ఉంటారు. వేషం నెలకు ఒకటి రెండు సార్లు పిలుపు తెస్తే, చేతిపని మిగిలిన రోజులను గడుపుతుంది.

జుట్టు పని విగ్గుతో మొదలు కాదు. తల మీద వెంట్రుక ఏ దిక్కున మొలుస్తుందో, సుడి ఎక్కడ తిరుగుతుందో, నుదుటి దగ్గర ఎంత పలచబడుతుందో కంటికి అలవాటు కాకపోతే విగ్గు ఎప్పటికీ టోపీలాగే కనిపిస్తుంది. అందుకని కనీసం ఆరు నెలలు ఏదైనా సెలూన్‌లోనో, పెళ్లికూతుళ్లను అలంకరించే బ్యూటీ పార్లర్‌లోనో సహాయకుడిగా చేరడం మంచిది. కత్తిరింపు, దువ్వెన పట్టు, సవరం కలిపి జడ అల్లడం, కొప్పు నిలబెట్టడం, పూలజడ కుట్టడం అక్కడ వస్తాయి. పెళ్లిళ్ల కాలంలో ఈ పనికి ఎంత గిరాకీ ఉంటుందో కూడా అక్కడే తెలుస్తుంది.

ఇక విగ్గు సరుకు సంగతి. నిజమైన వెంట్రుకలకు మన దేశంలో కొరత లేదు. తిరుమలలోను, యాదగిరిగుట్టలోను కల్యాణకట్టల వద్ద భక్తులు సమర్పించే తలనీలాలు వేలంలో అమ్ముడై విగ్గుల పరిశ్రమకు చేరతాయి. ఊళ్లలో గిన్నెలకో డబ్బులకో చిక్కు వెంట్రుకలు కొనేవారు కూడా తిరుగుతుంటారు. ఈ రెండింటికీ తేడా చాలా ఉంది. తల నుంచి ఒకేసారి తీసి, కుదుళ్లన్నీ ఒకే వైపు ఉంచిన జుట్టును రెమీ అంటారు. వెంట్రుక పైపొర మీది పొలుసులన్నీ ఒకే దిశలో ఉంటాయి కాబట్టి అది చిక్కుపడదు. దువ్వెనలో ఊడిన వెంట్రుకల్లో కుదుళ్లు, కొసలు కలగలిసి ఉంటాయి. వాటిని ఆమ్లంతో కడిగి, ఆ పొలుసులను తీసివేసి, సిలికాన్ పూతతో మెరుపు పెడతారు. ఆ పూత నాలుగైదు సార్లు కడిగేసరికి పోతుంది, అప్పుడు చిక్కులు మొదలవుతాయి. కొనేటప్పుడు ఒక పాయను కుదురు నుంచి కొసకు, తిరిగి కొస నుంచి కుదురుకు వేళ్ల మధ్య జారవిడవండి: ఒక వైపు నున్నగా, ఎదురు వైపు గరుకుగా తగిలితే అది మంచి సరుకు.

అయినా మొదటి విగ్గుకు నిజమైన జుట్టు వద్దు. ధర ఎక్కువ, పైగా గాలిలో తేమ తగిలితే సెట్టింగ్ నిలవదు. వేదిక మీద ఎత్తుగా, గట్టిగా నిలవవలసిన డ్రాగ్ విగ్గుకు కనెకలాన్ వంటి కృత్రిమ పోగులే అనువైనవి. హైదరాబాదు బేగంబజారులో సవరాలు, మామూలు విగ్గులు దొరుకుతాయి. సినిమా వారికి సరఫరా చేసే విగ్గులు, దుస్తులు అద్దెకిచ్చే దుకాణాలు కృష్ణానగర్ చుట్టుపక్కల ఉన్నాయి. చవక విగ్గులు రెండు తెచ్చి, ఒకదానిలోని వెంట్రుకల వరుసలను విప్పి రెండవదానిలో కుట్టడంతో అభ్యాసం మొదలుపెట్టవచ్చు. ఖరీదైనదిగా కనిపించే నిండుతనం చాలా వరకు ఇలాగే వస్తుంది.

పనిముట్లలో అన్నిటికన్నా ముఖ్యమైనది విగ్గును నిలిపి పనిచేసే బొమ్మ తల. థర్మోకోల్ తలలు సాధారణంగా మనిషి తల కన్నా చిన్నవి, తేలికైనవి; వాటి మీద సరిపోయిన విగ్గు మనిషికి బిగుతవుతుంది. గుడ్డ పొదిగి, పిన్నులు దిగేలా చేసిన గట్టి తల ఒకటి, దానిని బల్లకు బిగించే స్టాండు ఒకటి కొనుక్కోవాలి. ఆపైన కావలసినవి వెడల్పు పళ్ల ఇనుప దువ్వెన, సన్న తోక దువ్వెన, రకరకాల రోలర్లు, టి ఆకారపు పిన్నులు, వంపు సూది, గట్టి దారం, ఆవిరి యంత్రం. మిగిలినవి పని చేస్తున్న కొద్దీ చేరుతాయి.

కొలత తీయడంలో తొందరపడకూడదు. నుదుటి అంచు నుంచి చెవుల పైగా మెడ వెనుక వరకు చుట్టుకొలత, నుదురు నుంచి మెడకు నడినెత్తి మీదుగా, ఒక చెవి నుంచి మరొక చెవికి నుదుటి మీదుగా, మళ్లీ నడినెత్తి మీదుగా, ఒక కణత నుంచి మరొక కణతకు తల వెనుకగా, చివరగా మెడ వెడల్పు, ఇవన్నీ రాసుకోవాలి. పెద్దవారిలో చుట్టుకొలత ఎక్కువగా 22 అంగుళాల అటూ ఇటూ ఉంటుంది. కొలతలకు తోడు ఒక అచ్చు కూడా తీస్తే పని నిక్కచ్చిగా వస్తుంది: తలకు పలచని ప్లాస్టిక్ పొర బిగుతుగా చుట్టి, దాని మీద పారదర్శకమైన టేపు అడ్డదిడ్డంగా అంటించి, జుట్టు మొదలయ్యే అంచును మార్కర్‌తో గీసి, మెల్లగా పైకి తీస్తే ఆ మనిషి తల ఆకారం చేతికి వస్తుంది. ముఖం మీదికి ప్లాస్టిక్ రాకుండా చూసుకోవాలి.

విగ్గు విగ్గులా కనిపించకుండా ఉండాలంటే ముందు అంచు కుదరాలి. అక్కడ సన్నని లేస్ (వల లాంటి గుడ్డ) వాడి, కొక్కెం ఉన్న చిన్న సూదితో లేస్ రంధ్రాల్లో వెంట్రుకలను ముడి వేస్తారు. అంచు దగ్గర ఒక్కొక్క రంధ్రానికి ఒక్కొక్క వెంట్రుక, వెనుకకు పోతున్న కొద్దీ రెండు, మూడు. అంచులన్నీ సరళరేఖలో ఉంటే అసహజంగా ఉంటుంది కాబట్టి కొంచెం వంకరగా, అక్కడక్కడ పొట్టి వెంట్రుకలతో ముడులు పడాలి. మొత్తం విగ్గును ఇలా చేతితో కట్టడానికి వారాలు పడుతుంది కనుక మొదట్లో ముందరి రెండు అంగుళాలు మాత్రమే లేస్ మీద కట్టి, మిగతాదంతా మిషన్ మీద కుట్టిన వరుసలతో నింపడం తెలివైన పద్ధతి. చూసేవారి కళ్లు ఎలాగూ ఆ రెండు అంగుళాల మీదే ఉంటాయి.

మామూలు కృత్రిమ పోగులకు ఇనుప కర్లింగ్ రాడ్ తగిలిస్తే కరిగి ముద్దవుతాయి. వేడిని తట్టుకునే రకమైతే ప్యాకెట్ మీద రాసిన ఉష్ణోగ్రతను మించకూడదు. అందుకని రోలర్లకు చుట్టి, ఆవిరి పట్టించి, పూర్తిగా చల్లారేదాకా, వీలైతే రాత్రంతా, కదిలించకుండా ఉంచాలి. పోగు వేడికి మెత్తబడి, చల్లారేటప్పుడే కొత్త ఆకారం తీసుకుంటుంది. ఉంగరాలు నిలవడం లేదని వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం చల్లారక ముందే రోలర్ తీసినందువల్లనే. ఎత్తు కావలసిన చోట లోపల స్పాంజి దిమ్మె కుట్టి, దాని మీదికి జుట్టు మళ్లించి, వెనక్కి దువ్వి చిక్కువేసి, స్ప్రే కొట్టాలి. ఎంత ఎత్తయినా తల ఊపినప్పుడు వెనక్కి లాగకుండా ఉందో లేదో చూడడానికి తయారు చేసినవారే దానిని పెట్టుకొని ఒక పాటకు ఆడి చూడాలి. వేషం కట్టే వ్యక్తి విగ్గు చేస్తే ఉండే లాభం ఇదే.

కడగడం విషయంలో మన ప్రాంతానికి ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. నల్లగొండ నీరు అనగానే అందరికీ ఫ్లోరైడ్ గుర్తుకు వస్తుంది, కానీ విగ్గుకు శత్రువు అది కాదు, బోరునీటిలోని కాఠిన్యం. ఆ లవణాలు పోగుల మీద తెల్లటి పొరలా పేరుకొని నల్ల విగ్గును బూడిద రంగుకు తెస్తాయి. చివరి కడుగుకైనా వాననీరో ఆర్‌వో నీరో వాడాలి. చల్లని నీటిలో కొద్దిగా షాంపూ కలిపి ముంచి తీయడమే తప్ప రుద్దకూడదు, పిండకూడదు. నీడలో బొమ్మ తల మీదే ఆరబెట్టాలి.

ముఖం పని విగ్గు తరువాతది, అయినా ఒక హెచ్చరిక తప్పనిసరి. పాత బాగోతగాళ్లు పసుపు రంగుకు అర్దళం, దానితోపాటు ముద్దసంకం వాడేవారు. మొదటిది ఆర్సెనిక్ కలిగిన ఖనిజం, రెండవది సీసపు ఆక్సైడ్, రెండూ విషాలే. సంప్రదాయం మీద గౌరవంతో అవి పూసుకోవద్దు, ఎవరికీ పూయవద్దు. నీటితో పూసే పాన్‌కేక్, రంగస్థలం కోసం చేసిన క్రీములు సరిపోతాయి. గీసిన గడ్డం కింద కనిపించే నీలినీడను పోగొట్టడానికి ముందుగా నారింజ రంగు క్రీము పలచగా అద్ది, పౌడర్‌తో బిగించి, ఆ తరువాతే చర్మపు రంగు వేయాలి. కనుబొమలను కడిగితే పోయే గ్లూ స్టిక్‌తో పడుకోబెట్టి, కొత్తవి పైన గీస్తారు. లేస్ అంటించే స్పిరిట్ గమ్‌ను ముందు రోజే చెవి వెనుక చుక్క పెట్టి చూసుకోవాలి. దురద పుడితే ఆ వ్యక్తికి అది పనికిరాదు. మే నెల ఎండలో, జనరేటర్ లైట్ల కింద చెమటకు జిగురు ఎలాగూ జారుతుంది కనుక, జుట్టును గట్టిగా చదునుచేసి, విగ్గు కింద పెట్టుకునే టోపీకి పిన్నులు బిగించడమే అసలు ఆధారం.

వేషానికి సాధన చేసేవారు రంగస్థల నటుడు స్థానం నరసింహారావు (1902–1971), కూచిపూడి కళాకారుడు వేదాంతం సత్యనారాయణ శర్మ (1935–2012) వంటివారు ఏం సాధించారో తెలుసుకోవాలి. ఇద్దరూ స్త్రీ పాత్రలతోనే పేరు పొంది పద్మశ్రీ అందుకున్నవారు. అయితే వారిలో నటుడు పాత్రలో కరిగిపోతాడు, సత్యభామే మిగులుతుంది. డ్రాగ్‌లో కళాకారుడు తనదైన ఒక వ్యక్తిని సృష్టించి, దానికి ఒక పేరు, మాటతీరు, కోపతాపాలు పెట్టి, ప్రదర్శన నుంచి ప్రదర్శనకు ఆ వ్యక్తిని పెంచుకుంటూ పోతాడు. పాటకు పెదవులు కలిపినా, ప్రేక్షకులతో చలోక్తులు ఆడినా ఆ వ్యక్తే ఆడాలి. విదేశీ వీడియోలు చూసి వాటినే దించడం కన్నా, మార్కెట్ యార్డులో బేరమాడే అక్కనో, పెళ్లిలో అందరి మీదా పెత్తనం చేసే మేనత్తనో పాలమూరు యాసలో నిలబెడితే హైదరాబాదు ప్రేక్షకులు కూడా వెంటనే పట్టుకుంటారు. ఒక హద్దు మాత్రం ఉంది. ఎల్లమ్మ కొలువులో చీర కట్టే శివసత్తులను, జోగులను, హిజ్రాలను హాస్యానికి వాడుకోవద్దు. అది వారి జీవితం, వేషం కాదు.

ఆడవేషం ఎందుకు, నువ్వు మగవాడివి కాదా అని ఇంట్లో వచ్చే ప్రశ్నకు సమాధానం సిద్ధంగా ఉంచుకోవాలి. డ్రాగ్ ఒక ప్రదర్శన కళ. మగవారు, ఆడవారు, ట్రాన్స్‌జెండర్ వ్యక్తులు కూడా చేస్తారు, వేషాన్ని బట్టి ఎవరి లైంగికతా నిర్ణయం కాదు. చట్టం వైపు నుంచి కూడా భయం తగ్గింది. నిజాం కాలపు 1329 ఫసలీ (1919) చట్టం, నమోదైన ట్రాన్స్‌జెండర్ వ్యక్తి ఆడదుస్తులతో వీధిలో కనిపించినా, బహిరంగంగా ఆడిపాడినా వారెంటు లేకుండా అరెస్టు చేయవచ్చనేది. దానిని 2023 జులైలో తెలంగాణ హైకోర్టు రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసింది. స్వలింగ సంబంధాలను నేరంగా చూసిన 377వ సెక్షన్ అన్వయాన్ని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరులోనే తొలగించింది. అయినా చట్టం వేరు, రాత్రి పన్నెండు గంటల బస్టాండు వేరు. హైదరాబాదులో ప్రదర్శన అయ్యాక ఎక్కడ పడుకుంటారో నిర్ణయించుకోకుండా బయలుదేరవద్దు. మేకప్ తీసి, మామూలు బట్టల్లో, విగ్గును పెట్టెలో పెట్టుకొని ప్రయాణించండి.

రాబడి కాలం మీద ఆధారపడుతుంది. దీపావళి నాటికి కురుమూర్తి జాతర, మాఘంలో మన్యంకొండ, చెరువుగట్టు ఉత్సవాలు, రెండేళ్లకోసారి దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతర వస్తాయి. ఆ రోజుల్లో ఊళ్లలో నాటకాలు, బాగోతాలు ఆడే బృందాలకు విగ్గులు, కిరీటాలు, జడలు అద్దెకు కావాలి. డిసెంబరు నుంచి పాఠశాలల వార్షికోత్సవాలు, కూచిపూడి నేర్పే బడుల ప్రదర్శనలు తోడవుతాయి. అద్దెకిచ్చిన ప్రతిసారీ డిపాజిట్ తీసుకోవాలి, తిరిగి వచ్చాక పేల దువ్వెనతో చూసి, కడిగి మాత్రమే మరొకరికి ఇవ్వాలి. వేదిక ప్రదర్శనలకు సగం సొమ్ము ముందుగా తీసుకోండి. రికార్డింగ్ డ్యాన్స్ నిర్వాహకులు పిలిస్తే ఏ పాటలు, ఎంతసేపు, వేదిక మీదికి ఎవరూ ఎక్కకుండా చూసేది ఎవరు అన్నది వాట్సాప్‌లోనైనా రాతపూర్వకంగా ఉండాలి. దుకాణం పెట్టేవారు చిన్న వ్యాపారాల కోసం ప్రభుత్వం పెట్టిన ఉద్యమ్ నమోదు ఉచితంగా చేసుకోవచ్చు. చిన్న వ్యాపారాలకు అప్పులిచ్చే ముద్ర పథకంలో శిశు విభాగం కింద 50,000 రూపాయల వరకు రుణానికి బ్యాంకులో దరఖాస్తు పెట్టుకోవచ్చు.

నిలకడైన పని మరొకటి ఉంది, దానికి వేదికతో సంబంధం లేదు. కీమోథెరపీ వల్ల జుట్టు పోయినవారికి, పేనుకొరుకుడు ఉన్నవారికి విగ్గులు కావాలి. వీరికి ఎత్తు, మెరుపు అక్కరలేదు. తేలికగా, లోపల మెత్తని గుడ్డతో, గాలి ఆడేలా ఉండాలి. వీలైతే చికిత్సకు ముందే వచ్చి, జుట్టు ఫొటోలు, ఒక చిన్న పాయ ఇచ్చి వెళ్లమనాలి. రంగు, సాంద్రత సరిపోల్చడం అప్పుడే సాధ్యం. చికిత్స ముగిసిన కొన్ని నెలలకు జుట్టు సాధారణంగా తిరిగి మొలుస్తుంది కాబట్టి, ఖరీదైన విగ్గును అంటగట్టకుండా ఆ సంగతి ముందే చెప్పాలి. ఇలాంటివారిని దుకాణం ముందు భాగంలో కూర్చోబెట్టకూడదు. తలుపు ఉన్న గది ఒకటి, అద్దం ఒకటి వేరుగా ఏర్పాటు చేయాలి. కొలతల పుస్తకంలో పేరు బదులు అంకె రాసుకొని, ఆ అంకె ఎవరిదో మీరొక్కరే చూసుకునే మరో చిట్టాలో ఉంచితే, సహాయకుడికి పని అప్పగించినా ఆ విగ్గు ఎవరికో బయటికి పొక్కదు.