లాప్‌లాండ్ అడవుల్లో క్రిస్మస్: చలి కన్నా తడితోనే జాగ్రత్త

ఫిన్లాండ్ ఉత్తరాన, లాప్‌లాండ్‌లో ఉన్న రొవానియెమిలో డిసెంబరు చివరి వారంలో పగలంటే రెండు గంటల పైచిలుకు మాత్రమే. సూర్యుడు సుమారు 11 గంటలకు అడవి అంచున తల ఎత్తి, ఒకటిన్నరలోపే దిగిపోతాడు. దానికి ముందూ వెనకా చాలాసేపు మంచు మొత్తం నీలంగా వెలుగుతుంది. ఇంకా పైకి, సారిసెల్కా, ఇనారి వైపు వెళ్తే ఆ రోజుల్లో సూర్యుడు పొడవడు. ఈ చీకటి కాలాన్ని అక్కడివాళ్లు కామోస్ అంటారు. కాబట్టి హస్కీ కుక్కలు మంచు మీద లాగే బండి, రెయిన్‌డీర్ బండి, ఫొటోలు అన్నీ 10 నుంచి 2 లోపు పెట్టుకోండి. ఆరోరా, అంటే ఆకాశంలో కదిలే రంగుల వెలుగుల వేట రాత్రికి.

ఫిన్లాండ్ వెళ్లడానికి కావలసిన షెంజెన్ వీసాకు ప్రయాణానికి 6 నెలల ముందు నుంచే దరఖాస్తు చేయొచ్చు. క్రిస్మస్ ప్రయాణమైతే నవంబరు దాకా ఆగకండి. కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. హెల్సింకి నుంచి రొవానియెమికి రాత్రి రైలు సుమారు 12 గంటలు పడుతుంది. పిల్లలున్నవాళ్లకు పడక గది ఉన్న ఆ రైలే హాయి.

ఇక బట్టలు. అసలు సంగతి ఇక్కడే ఉంది. మైనస్ 10 నుంచి మైనస్ 20 మామూలు, కొన్ని రోజులు మైనస్ 30కి కూడా పడిపోతుంది. అయినా సరిగ్గా వేసుకున్నవాళ్లకు ఆ చలి ఇబ్బంది కాదు. ఇబ్బంది పెట్టేది లోపల పట్టిన చెమట. నూలు బనియను, నూలు సాక్సు, జీన్స్ చెమటను పీల్చుకుని వదలవు. నడుస్తున్నంతసేపూ ఏమీ తెలియదు. మంట దగ్గర ఆగి కాఫీ కప్పు పట్టుకున్న పది నిమిషాలకు వీపు మీద తడిగుడ్డ వేసినట్టు జివ్వుమంటుంది. ఆ తర్వాత ఎన్ని కోట్లు వేసినా వణుకు ఆగదు.

ఒంటికి అంటుకునే మొదటి పొర మెరినో ఉన్ని లేదా పాలిస్టర్ థర్మల్స్ ఉండాలి. దాని మీద ఫ్లీస్ లేదా ఉన్ని స్వెటరు, పైన గాలి చొరబడని కోటు, ప్యాంటు. ఈ బండి విహారాలు నడిపే సఫారీ కంపెనీలు చాలావరకు పై సూటు, బూట్లు, చేతితొడుగులు టికెట్ ధరలోనే ఇస్తాయి, బుక్ చేసేటప్పుడు అడగండి. అందుకే హైదరాబాద్‌లో వేలు పోసి బరువైన జాకెట్ కొనడం కన్నా, ఆ డబ్బు మంచి థర్మల్స్‌కీ, ఉన్ని సాక్సులకీ పెట్టడం మేలు.

బూట్లు ఒక సైజు పెద్దవి తీసుకోండి. లోపల పల్చటి సాక్సు, దాని మీద దళసరి ఉన్ని సాక్సు వేసుకున్నాక కూడా కాలి వేళ్లు కదలాలి. బిగుతైతే రక్తం ఆడదు, ముందుగా వేళ్లే మొద్దుబారతాయి. బూటు లోపలి మెత్తటి పొర ఊడొచ్చేదైతే రోజూ రాత్రి తీసి ఆరబెట్టండి. చేతులకు లోపల పల్చటి ఉన్ని గ్లవ్స్, పైన నాలుగు వేళ్లూ ఒకే అరలో ఉండే తొడుగు. ఫొటో తీయడానికి పైది తీసినా వట్టి చర్మం లోహానికి తగలదు.

గది నుంచి బయటికి వచ్చినప్పుడు కాస్త చలిగా అనిపించాలి. వెచ్చగా ఉందంటే ఎక్కువ వేసుకున్నట్టే. నడవగానే ఒళ్లు వేడెక్కితే జిప్పు కిందికి లాగండి, చెమట పట్టేదాకా ఆగొద్దు. బండిలో కదలకుండా కూర్చునే పిల్లలకు మాత్రం మీకన్నా ఒక పొర ఎక్కువ వేయండి.

హస్కీ బండిలో ఒకరు కూర్చుంటారు, ఒకరు వెనక పట్టాల మీద నిలబడి నడుపుతారు. తాడు విప్పకముందే కుక్కలు పరుగుకు ఎగిరెగిరి పడుతుంటాయి. అప్పుడు రెండు కాళ్లూ బ్రేకు మీదే ఉండాలి. ఎక్కువమంది పడిపోయేది ఆ మొదటి కుదుపులోనే. పట్టు వదిలేస్తే కుక్కలు మీ కోసం ఆగవు. దిగుడులో బ్రేకు కొద్దిగా నొక్కి ఉంచకపోతే తాడు వదులై, బండి వచ్చి చివరి వరుస కుక్కల కాళ్లకు తగులుతుంది. ఎత్తులో ఒక కాలితో నెట్టండి, పాపం వాటికి అదే పెద్ద సాయం. మంచు మీద నడిచే మోటారు బండి స్నోమొబైల్ నడపాలంటే కారు లైసెన్సు అసలు కాపీ దగ్గరుండాలి. బండి దెబ్బతింటే మీ వాటా ఎంతో ముందే అడగండి.

ఆరోరాకు అడ్డు మేఘాలే. డిసెంబరులో అవి ఎక్కువ, కాబట్టి కనీసం మూడు నాలుగు రాత్రులు ఉంచుకోండి. ఊరి దీపాలకు దూరంగా, ఫోన్‌ను స్టాండు మీద పెట్టి 3 నుంచి 10 సెకన్ల ఎక్స్‌పోజర్ ఇవ్వండి, అంటే అంతసేపు కెమెరాకు వెలుగు పట్టనివ్వండి. అదనపు బ్యాటరీ లోపలి జేబులో ఒంటి వేడికి ఉండాలి. తిరిగి గదిలోకి వెళ్లే ముందే, బయటే, కెమెరాను జిప్ కవర్లో పెట్టి మూసేయండి. రెండు గంటలు తెరవకండి. లేదంటే వెచ్చటి గాలిలోని తేమంతా లెన్సు మీద నీరై కూర్చుంటుంది.

24 మధ్యాహ్నం 12కి తుర్కు నగరంలో క్రిస్మస్ శాంతి ప్రకటన చదువుతారు. ఆ తర్వాత దుకాణాలు చాలావరకు మూతపడతాయి. 25న బస్సులూ అరకొరే. 23 సాయంత్రానికల్లా సరుకులు కొనేసుకోండి, 24 రాత్రి భోజనం ముందే బుక్ చేసుకోండి. శాకాహారులకు ఆ రోజుల్లో దొరికే మంచి తిండి రీసిపూరో: పాలలో ఉడికించి, పైన దాల్చినచెక్క పొడి, పంచదార చల్లే అన్నం, మన పరమాన్నానికి దూరపు చుట్టం. అందులో ఒక బాదంపప్పు దాస్తారు, అది దొరికినవాళ్లకు అదృష్టమట. కందిపొడి పట్టుకెళ్లొచ్చు గానీ నెయ్యి, పాలకోవా వద్దు. బయటి దేశాల నుంచి పాల పదార్థాలను ఐరోపా సమాఖ్యలోకి రానివ్వరు.

అడవిలో ఉన్నంతసేపూ పావుగంటకోసారి ఒకరి ముఖం ఒకరు చూసుకోండి. ముక్కు కొస, బుగ్గ, చెవి అంచు మైనంలా తెల్లబడితే వెంటనే వెచ్చటి అరచేతితో కప్పి ఉంచండి. రుద్దకండి, మంటకు దగ్గరగా పెట్టకండి. కాసేపటికి రంగు, స్పర్శ తిరిగి రాకపోతే అత్యవసర నంబరు 112కి ఫోన్ చేయండి. '112 సుఓమి' యాప్ నుంచి చేస్తే మీరున్న చోటు కూడా వాళ్లకు చేరుతుంది.