రంగూన్ వెళ్లిన చిన్నతాత జాడ ఎలా తీశానంటే

మాది ఆంధ్రా సరిహద్దు పక్కన, ఒడిశాలోని గుణుపురం. మా తాతగారి తమ్ముడు రంగూన్ వెళ్లి మళ్లీ రాలేదు. ఆయన పేరేమిటో కూడా ఇంట్లో ఎవరూ గట్టిగా చెప్పలేకపోయేవారు. ఆరేళ్లు వెతికి ఆయన మనవరాలి దాకా వెళ్లగలిగాను. మీరూ మీవాళ్ల కోసం వెతుకుతుంటే ఈ దారి పనికొస్తుంది. ఒక్కటి మాత్రం ముందే చెబుతాను: ఉమ్మి పంపి చుట్టాలను కనుక్కునే డీఎన్ఏ కిట్ అన్నిటికన్నా చివర్లో కొనండి.

మొదలు పెట్టాల్సింది పెద్దవాళ్ల దగ్గర. "మన వంశం గురించి చెప్పు" అంటే ఎవరికీ ఏమీ గుర్తు రాదు. "నీ పెళ్లికి ఎవరెవరు వచ్చారు? ఎవరు పోతే మనకి మైల పట్టింది?" అని అడగండి. మైల అనగానే మా మేనత్త ఏడు పేర్లు గడగడా చెప్పేసింది. ఫోన్లో రికార్డు చేసుకోండి. తద్దినాలు పెట్టే ఇల్లయితే తండ్రి, తాత, ముత్తాత పేర్లు అక్కడే దొరుకుతాయి. తాత పేరు మనవడికి పెడతాం కాబట్టి అదే పేరు మళ్లీ మళ్లీ వస్తుంది. పక్కన ఊరు, భార్య పేరు రాసుకోకపోతే తాతా మనవళ్లు ఒకే మనిషి అయిపోతారు.

తర్వాత, మీ ఊరు అప్పట్లో ఏ జిల్లాలో ఉండేదో చూసుకోండి. మా సరిహద్దువాళ్లం తప్పటడుగు వేసేది ఇక్కడే. గుణుపురం 1936 ఏప్రిల్ 1 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలో, విశాఖపట్నం ఏజెన్సీ. ఆ రోజు నుంచి ఒడిశాలో కోరాపుట్ జిల్లా. 1992 అక్టోబరు 2 నుంచి రాయగడ. ఇల్లు కదలకుండానే మూడు జిల్లాలు చూసింది. పక్కనున్న పర్లాకిమిడి అప్పట్లో గంజాం జిల్లా. అందుకే 1936కి ముందు సంగతుల కోసం భువనేశ్వర్‌లోని ఒడిశా స్టేట్ ఆర్కైవ్స్‌తో పాటు చెన్నై ఎగ్మోర్‌లోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో కూడా వెతకాలి. ఇప్పటి భూమి వివరాలు ఒడిశా ప్రభుత్వ భూలేఖ్ సైటులో ఖాతా నంబరుతోనో, ప్లాటు నంబరుతోనో, రైతు పేరుతోనో వస్తాయి. అంతా ఒడియాలో ఉంటుంది, మన ఇంటిపేర్లు అక్కడ వేరే స్పెల్లింగులో కనిపిస్తాయి. ఒడియా చదవగలిగిన వాళ్లని పక్కన కూర్చోబెట్టుకోండి.

కాగితాలన్నిటిలోకీ నేను ఎక్కువగా నమ్మేది అమ్మకం దస్తావేజు. రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో భూమి, ఇళ్ల దస్తావేజులు ఎక్కించే 1వ పుస్తకం, దాని ఇండెక్సులు ఫీజు కట్టి ఎవరైనా చూడవచ్చు. పేర్ల ఇండెక్సు వేరే ఉంటుంది, సుమారుగా సంవత్సరం తెలిస్తే చాలు. నకలు చేతికి రాగానే అందరూ అమ్మినవాళ్లు, కొన్నవాళ్లు ఎవరో చూసి పక్కన పెట్టేస్తారు. మీరు హద్దులు చదవండి. వాటాలు పంచుకున్న అన్నదమ్ముల పొలాలు పక్కపక్కనే ఉంటాయి కదా. పర్లాకిమిడి దగ్గర మా తాత అమ్మిన ఎకరం పొలం దస్తావేజులో తూర్పు గెడ్డ (వాగు), దక్షిణం పుంత (బండి దారి) అని ఉంది. ఉత్తరం దగ్గర "రంగూనులో ఉండే నా తమ్ముని వంతు" అని రాసి, ఆ పక్కనే పేరు. నల్లసిరా కాస్త అలికినట్టుంది కానీ చదవడానికి వచ్చింది. మా నాన్న ఆ పేరును నోటితో పలికి చాలాసేపు మాట్లాడలేదు.

ఇప్పుడు కిట్. ఉమ్మి ఇచ్చే ముందు అరగంట ఏమీ తినకూడదు, తాగకూడదు, కిళ్లీ కూడా వద్దు. ఇంట్లో అందరికన్నా పెద్దవాళ్లది ముందు ఇప్పించండి, ఎందుకంటే తరం తరానికీ పూర్వీకుల డీఎన్ఏ సగానికి తగ్గిపోతుంది. వాళ్లకి విషయం అర్థమయ్యేలా చెప్పి, ఒప్పుకుంటేనే ఇప్పించండి. వై క్రోమోజోమ్ పరీక్ష మగవాళ్లకే, అది తండ్రి వరసలో వస్తుంది. ఇంటిపేరుతో పాటే నడుస్తుందనుకుంటాం కానీ దత్తత, ఇల్లరికం ఉన్న ఇళ్లలో దారి మారుతుంది. ఏ ప్రాంతం ఎంత శాతం అని ఇచ్చే రంగుల మ్యాపు మీద ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు. అది మీ ఊరు చెప్పదు, గోత్రం చెప్పదు. మనకి కావలసింది చుట్టాల జాబితా, అంటే అదే సైటులో పరీక్ష చేయించుకున్నవాళ్లలో మన డీఎన్ఏతో కలిసేవాళ్ల పేర్లు.

అందులో ఎంత డీఎన్ఏ కలిసిందో సెంటీమోర్గాన్లలో ఇస్తారు. అన్నదమ్ముల పిల్లలకి సగటున 850 దరిదాపుల్లో, ఆ పిల్లల పిల్లలకి 230 దరిదాపుల్లో ఉంటుంది. నాకు ఒకావిడతో 441 వచ్చింది. సైటు ఆవిడని మా నాన్న తరంలో, నాకు అత్త వరసలో పెట్టింది. అది నమ్మి ఏడాది పాటు లేని మనిషి కోసం వెతికాను. మా నాన్న పెళ్లాడింది సొంత మేనత్త కూతురిని. అంటే మా తాత, మా అమ్మమ్మ తోబుట్టువులు, రంగూన్ వెళ్లిన చిన్నతాత ఆ ఇద్దరికీ తమ్ముడు. ఆయన మనవరాలితో నాకు నాన్న వైపు నుంచీ అమ్మ వైపు నుంచీ కలుస్తుంది, అందుకే అంకె రెట్టింపు. ఆవిడ నాకు చెల్లెలి వరస. సైట్ల లెక్కలో మేనరికాలు ఉండవు. కాబట్టి జాబితా తెరవక ముందే మీ ఇంట్లో మేనరికాలన్నీ, అక్క కూతుర్ని చేసుకున్న పెళ్లిళ్లతో సహా, కాగితం మీద గీసుకోండి.

మెసేజ్ పెట్టేటప్పుడు వంశవృక్షం మొత్తం పంపొద్దు, అవతలివాళ్లు కంగారుపడతారు. నేను ఒక్క ప్రశ్నే పెట్టాను: "మీ తాతగారిది ఏ ఊరని మీ ఇంట్లో చెప్పేవారు?" రెండు వారాల తర్వాత విశాఖ కంచరపాలెంలో, బర్మా నుంచి తిరిగొచ్చినవాళ్లు స్థిరపడిన బర్మా క్యాంపు నుంచి జవాబు వచ్చింది. "ఊరు తెలియదండీ. పర్లాకిమిడి చిన్న రైలు ఎక్కి వచ్చాననేవాడట, పొలం పక్కన గెడ్డ ఉండేదట."

దస్తావేజులో ఆ పేజీ ఫోటో తీసి పంపాను.