ఒంటికి హాయిగా ఉండే డిజైనర్ చొక్కా కావాలంటే ముందు తానుల కొట్టుకు వెళ్లండి

మూడేళ్ల కిందట మా పెద్దమ్మ కొడుకు పెళ్లికి రెడీమేడ్ డిజైనర్ కుర్తా కొన్నాను. అద్దంలో చూసుకుంటే చాలా బాగుంది, కానీ మెడ చుట్టూ ఉన్న జరీ పని లోపలివైపు ముళ్లలా గుచ్చుకునేది, దానికి తోడు పాలిస్టర్ లైనింగ్, అసలే మే నెల. బంతిలో కూర్చునేసరికి వీపంతా తడిసిపోయింది, ఎదురుగా ఆకులో వేడి అన్నం, పప్పు, నెయ్యి ఉన్నా నా ధ్యాసంతా దాన్నెప్పుడు విప్పేద్దామా అనే. అప్పటినుంచి ఒక్కటే పట్టుకున్నాను: డిజైన్ నేతలోనే ఉండాలి, హాయి కత్తిరింపులో ఉండాలి. ఈ రెండూ కావాలంటే గుడ్డ మనమే కొని కుట్టించుకోవడం మంచి దారి.

గుడ్డ సంగతికొస్తే మనంత అదృష్టవంతులు తక్కువమంది. హైదరాబాద్ నుంచి పొద్దున బయల్దేరితే పోచంపల్లి, కొయ్యలగూడెం, పుట్టపాక చూసుకుని సాయంత్రానికి ఇంటికి రావచ్చు. అక్కడ నేసేది ఇక్కత్, మనవాళ్ల మాటలో చిటికి నేత. నేయకముందే నూలును లెక్క ప్రకారం కట్లు కట్టి రంగులో ముంచుతారు, కట్టు ఉన్నచోట రంగు ఎక్కదు, అలా రంగులద్దిన నూలు మగ్గం మీదికి వెళ్లాక డిజైన్ బయటపడుతుంది. అందుకే డిజైన్ అంచులు గీత గీసినట్టు ఉండవు, కాస్త చెదిరినట్టుంటాయి. ఆ చెదరడమే దాని అందం. కొనేటప్పుడు గుడ్డను తిరగేసి చూడండి, అసలు ఇక్కత్‌కు రెండువైపులా ఒకటే రంగు ఉంటుంది, ప్రింటు వేసినదైతే చాలావరకు వెనకవైపు వెలిసినట్టు కనిపిస్తుంది. చేనేత గుర్తు, అంటే 2006లో కేంద్రం తెచ్చిన హ్యాండ్‌లూమ్ మార్క్ ఉందేమో కూడా అడగండి.

ఆఫీసుకు సాదాగా కావాలంటే మంగళగిరి కాటన్. గుంట మగ్గాల మీద ఒత్తుగా నేస్తారు, చిన్న చిన్న గోపురాల వరసలా ఉండే నిజాం అంచు దాని గుర్తు. ఇక ఎండాకాలానికి పొందూరు ఖద్దరును మించింది నాకు కనబడలేదు. శ్రీకాకుళం జిల్లాలో ఆడవాళ్లు పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో ఏకి, దారాన్ని చేత్తో వడుకుతారు. ఆ గుడ్డ మొదట్లో కాస్త గరుకుగా అనిపించినా ఉతికేకొద్దీ మెత్తబడుతుంది. దాని వెనక ఎంతమంది వేళ్లు పనిచేశాయో తలుచుకుంటే చొక్కా తొడుక్కునేటప్పుడు మనసులో ఒక గౌరవం వస్తుంది, నాకైతే ప్రతిసారీ వస్తుంది.

ఎన్ని మీటర్లు కొనాలన్నది పన్నాను, అంటే గుడ్డ వెడల్పును బట్టి ఉంటుంది. 44 అంగుళాల పన్నా అయితే మామూలు ఒళ్లున్నవాళ్లకు ఫుల్ చేతుల చొక్కాకు రెండుంబావు మీటర్లు సరిపోతాయి, 36 అయితే రెండున్నర దాటుతుంది. ఇక్కత్ అయితే ఇంకో పావు మీటరు ఎక్కువ తీసుకోండి, ఎందుకో కింద చెప్తాను. ఇంటికి తెచ్చాక నేరుగా టైలర్‌కు ఇవ్వొద్దు. ఒక రాత్రంతా మామూలు నీళ్లలో నానబెట్టి, పిండకుండా నీడలో ఆరేసి, ఇస్త్రీ చేసి ఇవ్వండి. కాటన్ మొదటి తడుపులోనే కుదించుకుంటుంది, అదేదో కుట్టకముందే జరిగిపోతే తర్వాత టెన్షన్ ఉండదు.

టైలర్ దగ్గరికి వెళ్లేటప్పుడు మీకు బాగా నప్పే పాత చొక్కా ఒకటి ఆదిగా తీసుకెళ్లండి. హాయిగా ఉండాలని చాలామంది అన్నీ లూజు చేయమంటారు, అక్కడే పొరపాటు జరుగుతుంది. ఛాతీ దగ్గర ఒంటి కొలత కంటే నాలుగైదు అంగుళాలు, దండచేయి దగ్గర వేళ్లు ఆడేంత లూజు ఉంటే చాలు, చంక గుండ్రం మాత్రం మరీ కిందికి దించొద్దని గట్టిగా చెప్పండి. చంక కిందికి దిగితే చెయ్యి ఎత్తినప్పుడల్లా చొక్కా మొత్తం పైకి లేస్తుంది. ట్రయల్‌లో నిలబడి చూసుకుంటే సరిపోదు, బస్సులో పైన రాడ్ పట్టుకున్నట్టు చెయ్యి ఎత్తండి, బండి హ్యాండిల్ పట్టుకున్నట్టు ముందుకు చాచండి. కుర్తా అయితే బాసింపట్టు వేసుకుని కూర్చోండి, పక్క చీలికలు చాలకపోతే తొడల దగ్గర వెంటనే తెలుస్తుంది. కాలర్ నిలబడడానికి లోపల వేసే బక్రం గుడ్డ గట్టిది వద్దు, పల్చటిది వేయమనండి.

ఆ పావు మీటరు ఎక్కువ ఎందుకంటే, బొత్తాలు పెట్టాక ఎడమ ముక్క మీది డిజైన్ కుడి ముక్క మీదిదానితో తెగకుండా కలవాలి. జేబు కుట్టినచోట కూడా అంతే, దూరం నుంచి చూస్తే జేబు ఉందని కూడా తెలియకూడదు. నాకు కుట్టే ఆయన ముందు సుద్దముక్కతో రెండు ముక్కల మీదా గుర్తులు పెట్టుకుని, ఒకదాని మీద ఒకటి పరిచి, నాలుగుసార్లు సరిచూశాకే కత్తెర పట్టుకుంటాడు. అంత ఓపిక ఉన్నవాళ్లు దొరికితే వదులుకోకండి, కుట్టుకూలి కాస్త ఎక్కువ అడిగినా సంతోషంగా ఇవ్వండి. మంగళగిరి గుడ్డకైతే ఆ అంచును బొత్తాల పట్టీ మీదికో, చేతుల చివరికో వచ్చేలా కత్తిరించమనండి. ఏ ఎంబ్రాయిడరీ లేకుండానే అది డిజైనర్ చొక్కా అయిపోతుంది, మెడ దగ్గర గుచ్చుకునేదీ ఉండదు.

వేసుకోవడానికి పెద్ద సూత్రాలేం లేవు. ఇక్కత్ చొక్కా కింద సాదా ప్యాంటు, అదీ చొక్కాలోని ఒక రంగుకు దగ్గరగా ఉంటే చాలు. పల్చటి తెల్ల ఖద్దరు కింద తెల్ల బనియన్ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, ఒంటిరంగుకు దగ్గరగా ఉన్నది వేసుకోండి.

ముదురు ఎరుపు, నలుపు, నీలం రంగులున్న ఇక్కత్‌ను మొదటి రెండు మూడు ఉతుకులు విడిగా, చన్నీళ్లలో ఉతకండి. తిరగేసి నీడలో ఆరేయండి. ఖద్దరుకు గంజి పెట్టాలనిపిస్తే బాగా పల్చగా పెట్టండి, చిక్కగా పెడితే గాలి ఆడదు. పూర్తిగా ఆరకముందే, కాస్త తడి ఉండగానే ఇస్త్రీ చేస్తే ముడతలు సులువుగా పోతాయి, నీళ్లు చిలకరించే పని కూడా ఉండదు.