వానలు పడకముందే వంటింటి ప్లగ్గులు చూసుకోండి

మొన్న ఆదివారం ఉదయం మా అపార్ట్‌మెంట్ మూడో అంతస్తు నుంచి ప్లాస్టిక్ కాలిన వాసన రావడంతో అందరం పైకి పరుగెత్తాము. అదృష్టవశాత్తూ మంటలు లేవలేదు. ఇండక్షన్ స్టౌ తగిలించిన సాకెట్ మాత్రం నల్లబడి, కన్వర్టర్ ప్లగ్గు అందులోనే కరిగి అతుక్కుపోయింది. ఇంత జరిగినా ఎంసీబీ, అంటే తీగలో కరెంటు మితిమీరితే తనంతట తానే పడిపోయి సరఫరా ఆపే స్విచ్, ఎందుకు పడలేదని ఆ ఇంటివారు అడిగారు. అది పడదు. ఎందుకు పడదో చెప్పడానికే ఇది రాస్తున్నాను. తడిచేతులతో స్విచ్ ముట్టుకోకూడదన్నది అందరూ చిన్నప్పటినుంచీ విన్నదే కనుక దాని జోలికి పోను.

మన ఇళ్లకు వచ్చే కరెంటు 230 వోల్టులు. 2,000 వాట్ల స్టౌ పూర్తి వేడి మీద ఉన్నప్పుడు దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. మామూలు సాకెట్ తట్టుకునేది 6 ఆంపియర్లే, అందుకే పెద్ద ప్లగ్గు లావు పిన్నులు దానిలో దూరవు. ఆ దూరకపోవడమే మనకు రక్షణ. పవర్ ప్లగ్గుల్ని చిన్న సాకెట్‌లో దూర్చే కన్వర్టర్‌ను ఏ అమీర్‌పేట దుకాణంలోనో కొని, ఆ రక్షణను మనమే తీసి పక్కన పెడుతున్నాము. కరెంటు ఒకటిన్నర రెట్లయితే సాకెట్‌లో పుట్టే వేడి రెండుంపావు రెట్లవుతుంది. ఎంసీబీ ఉన్నది తీగను కాపాడటానికి. 10 లేక 16 ఆంపియర్ల ఎంసీబీకి ఈ 9 ఆంపియర్లు లెక్కలోనివి కావు, సాకెట్ లోపల వదులైన ఇత్తడి రేకు ఎంత కాగుతోందో దానికి తెలియదు. పైగా వానాకాలం చెమ్మకు ఆ రేకుకు కిలుము పడితే వేడి ఇంకా పెరుగుతుంది. ఇన్నేళ్లలో నేను చూసిన కాలిన వంటింటి బోర్డులలో ఎక్కువ భాగం వెనుక ఉన్నది ఈ కన్వర్టరే.

దీనికి విరుగుడు 16 ఆంపియర్ల పవర్ పాయింటు. అయితే పాత సన్నతీగకే పెద్ద సాకెట్ బిగించి వెళ్లిపోయే ఎలక్ట్రీషియన్లు ఉన్నారు, అది కన్వర్టర్‌కు మారువేషం మాత్రమే. ఎంసీబీలన్నీ ఉండే డిస్ట్రిబ్యూషన్ బోర్డు నుంచి విడిగా 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, దానికంటూ ఒక ఎంసీబీ ఉండాలి. అద్దె ఇల్లయితే యజమానితో ఈ మాట వానలకు ముందే తేల్చుకోవాలి.

ఎర్త్ విషయంలో ఇంకో మోసం ఉంది. ఎర్త్ తీగ లేని పాత ఇళ్లలో కొందరు సాకెట్ వెనుక ఎర్త్ పిన్నును న్యూట్రల్‌తో, అంటే కరెంటు తిరిగి వెళ్లే తీగతో, కలిపేస్తారు. ఎక్కడైనా న్యూట్రల్ తెగిన రోజున ఫ్రిజ్ ఒంటికే కరెంటు ఎక్కుతుంది. కరెంటు కొంచెం లీకైనా సరఫరా ఆపేసే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించండి, నెలకోసారి దాని టెస్ట్ బటన్ నొక్కి చూడండి.

ఎంసీబీ మాటిమాటికీ పడుతుంటే దాని స్థానంలో పెద్దది వేయించకండి. ఓవెన్‌నూ కెటిల్‌నూ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సుకు తగిలించకండి. ఎర్త్ పిన్ను విరగ్గొట్టి ప్లగ్గు దూర్చకండి. ఫ్రిజ్ వెనుక తీగను గోడకు నొక్కి వంచకండి. సింకు వెనుక గోడకు చెమ్మ కనిపిస్తే ఆ బోర్డు వాడకం ఆపండి. మీటరు దగ్గర తీగ వేడెక్కితే కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కు ఫోన్ చేయండి. స్టౌ పావుగంట వాడాక స్విచ్ ఆపి, ప్లగ్గు తీసి, దాని ప్లాస్టిక్‌ను ముట్టుకొని చూడండి. చెయ్యి నిలవనంత వేడిగా ఉంటే ఆ సాకెట్‌ను ఆ రోజే మార్పించండి. కన్వర్టర్ వాడకండి. మిక్సీకైతే ఫరవాలేదని ఇంట్లో దాచనూ దాచకండి.

మూడో అంతస్తు ఇంట్లో కొత్త పాయింటు బిగించాక, సొరుగులో మరో కన్వర్టర్ కనబడింది. "ఎప్పుడైనా పనికొస్తుంది కదా అన్నయ్యగారూ" అన్నారు ఆ ఇంటావిడ. అడిగి తీసుకుని, అక్కడే కటింగ్ ప్లయర్‌తో దాని పిన్నులు విరిచేశాను.