కాయక్‌ను ఒక్కడినే కారెక్కించిన ఉపాయం

మాది చెన్నైలో వేళచ్చేరి. ఆదివారం తెల్లారేసరికి ముట్టుకాడు బ్యాక్‌వాటర్స్‌లో తెడ్డు వేయకపోతే నాకు తోచదు. చిక్కల్లా 10 అడుగుల పొడవు, 25 కిలోల బరువున్న కాయక్‌ను (తెడ్డుతో నడిపే సన్నటి పడవ) కారు మీదికి చేర్చడమే. మా తమ్ముడు హైదరాబాద్ వెళ్లిపోయాక ఒంటరిగా ఎత్తబోతే నడుము పట్టేసింది.

నిజానికి బరువంతా ఒకేసారి మోయక్కర్లేదు. ఒక కొసను కారు మీద ఆనిస్తే, రెండో కొస ఎత్తేటప్పుడు చేతికొచ్చేది దాదాపు సగమే. ఆ ఆనించే చోట రాపిడి లేకపోతే చాలు.

అందుకే రూఫ్ రాక్ (కారు పైకప్పు మీద సామాను కట్టే చట్రం) వెనక కడ్డీకి రెండు క్లాంపులు బిగించి, వాటి మధ్య ఒక స్టెయిన్‌లెస్ స్టీలు కడ్డీ, దాని మీద రోలర్‌లా తిరిగేలా 2 అంగుళాల పీవీసీ పైపు తొడిగాను. పైపు రెండు చివర్లా మూతలు పెట్టి, కడ్డీ దూరేలా ఆ మూతలకు సరిగ్గా నడిమధ్యన బెజ్జం వేశాను. బెజ్జం కాస్త పక్కకు పోయినా పైపు ఎగుడుదిగుడుగా తిరుగుతుంది. నాకు మొదటి మూతలు అలాగే పాడయ్యాయి. ముందు మామూలు ఇనుప కడ్డీయే వాడాను గానీ ఉప్పునీటి తడికి నెలలోపే తుప్పు పట్టి బిగుసుకుపోయింది.

తడి కాయక్ పైపు మీద పక్కకు జారేది. పాత సైకిల్ ట్యూబు చీల్చి పైపుకు చుట్టాను, ఇప్పుడు కదలదు. వెనక అద్దం మీద మందపాటి రబ్బరు మ్యాట్ పరుస్తాను. ముక్కు రోలర్ మీద పెట్టి, వెనక్కి వచ్చి, తోక ఎత్తి తోస్తే గరగరమంటూ పైకి పాకుతుంది. తర్వాత పట్టీలు రెండు, ముందూ వెనకా తాళ్లు. ఈసీఆర్ (సముద్రం పక్కగా వెళ్లే ఈస్ట్ కోస్ట్ రోడ్డు) గాలికి తాళ్లు తప్పనిసరి.